ఇన్‌బాక్స్‌లో చెత్త: దేనికి అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టాలి, దేన్ని అస్సలు ముట్టుకోకూడదు

మెయిల్ ఓపెన్ చేస్తే చాలు చెత్త. లోన్ అప్రూవ్ అయింది అని ఒకడు, మీ పార్సిల్ ఆగిపోయింది అని ఇంకొకడు, 80 పర్సెంట్ డిస్కౌంట్ ఈ రాత్రికే లాస్ట్ అని ఇంకో షాపోడు (ఆ లాస్ట్ రాత్రి ఎప్పటినుంచో నడుస్తానే ఉంది). మాది నెల్లూరు జిల్లా కావలిలో చిన్న ఆన్‌లైన్ షాపు, జిరాక్స్, అప్లికేషన్లు, పాన్ కార్డు, ఐటీ రిటర్న్ లాంటి పనులు, కాబట్టి నా మెయిలే కాదు, వచ్చేపోయే వాళ్ళందరి ఇన్‌బాక్సులూ రోజూ చూస్తా ఉంటా, ఓటీపీ కోసమో హాల్ టికెట్ కోసమో వెతికేటప్పుడు. అందరిదీ ఒకటే గోల. చేసేది కూడా ఒకటే, కనపడ్డదాన్నల్లా డిలీట్ కొట్టుకుంటా పోతారు, లేదంటే ఒళ్ళు మండి కనపడ్డ ప్రతిదానికీ అన్‌సబ్‌స్క్రైబ్ (ఇంక పంపొద్దు అనే బటన్) నొక్కుతారు. రెండూ సగమే కరెక్టు.

అసలు సంగతి ఏందంటే ఈ చెత్త మెయిల్స్ అన్నీ ఒక జాతి కాదు. మనం చేతులారా ఇచ్చిన అడ్రస్‌కి పంపేవాడు వేరు, మన అడ్రస్ ఎక్కడో కొనుక్కొని పంపేవాడు వేరు, దొంగ వేరు. మొదటోడికి చేసే పని మూడోవాడికి చేశామంటే మనకే చుట్టుకుంటుంది. అందుకని ఏ బటనైనా నొక్కేముందు ఒక్క నిమిషం ఆగి, వీడెవడు, వీడికి నా అడ్రస్ నేనే ఇచ్చానా అని చూసుకోండి, మిగతాదంతా దాన్ని బట్టే ఉంటుంది. నేను ఇక్కడ చెప్పేది జీమెయిల్ లెక్కన చెప్తా ఉండా, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే వాళ్ళలో వేరేది వాడేవాళ్ళు అరుదు. వేరేవి వాడేవాళ్ళకి బటన్లు అటూ ఇటూ ఉంటాయేమో గానీ పద్ధతి అదే.

మనం చేతులారా తెచ్చుకున్నవి

ఎప్పుడో చీర కొన్న షాపింగ్ యాప్, ఉద్యోగాల సైటు, పెళ్ళి సంబంధాల సైటు (పిల్లకి పెళ్ళయి మనవడు పుట్టినా వరుళ్ళ ప్రొఫైల్స్ వస్తానే ఉంటాయి), కోచింగ్ సెంటరు, ఇన్సూరెన్సు, బస్ టికెట్ల యాప్, ఇవన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. వీళ్ళు దొంగలు కాదు, విసిగించేవాళ్ళు. వీళ్ళకి అన్‌సబ్‌స్క్రైబ్ బాగా పనిచేస్తుంది, భయం లేకుండా కొట్టొచ్చు. మెయిల్ ఓపెన్ చేస్తే పైన పంపినవాళ్ళ పేరు పక్కనే జీమెయిల్ వాడే అన్‌సబ్‌స్క్రైబ్ అని చూపిస్తాడు, అది నొక్కండి, మెయిల్ కిందికంటా పోయి చీమ తలకాయంత అక్షరాల్లో దాచిపెట్టిన లింకు వెతుక్కునే పని లేదు. ఇంకా సులువైంది ఇంకొకటుంది, ఎడమవైపు మూడు గీతల మెనూలో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అని 2025లో పెట్టారు, అందులో ఎవరెవరు ఎక్కువగా పంపుతున్నారో వరసగా లిస్టు వస్తుంది, కూర్చుని ఒక్కొక్కటీ తీసేసుకుంటా పోవచ్చు. టీ తాగే టైములో సగం ఇన్‌బాక్స్ తేలికైపోతుంది.

కొట్టిన వెంటనే ఆగలేదని కంగారు పడొద్దు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఒక రూల్ పెట్టింది, రోజుకి 5000కి పైన మెయిల్స్ జీమెయిల్ వాళ్ళకి పంపేవాళ్ళు ఎవరైనా సరే, ప్రచారం మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో ఆగిపోయే అన్‌సబ్‌స్క్రైబ్ పెట్టాలి, నొక్కాక రెండు రోజుల్లో ఆపాలి. కాబట్టి ఒక వారం చూడండి. వారం దాటినా వాడు పంపుతున్నాడంటే ఇంక మొహమాటం అక్కర్లేదు, రిపోర్ట్ స్పామ్ (ఇది చెత్త మెయిల్ అని జీమెయిల్‌కి చెప్పే బటన్) కొట్టండి. ఇది ఉత్త బటన్ అనుకుంటారు చాలామంది, కాదు. అదే రూల్లో ఇంకో ముక్క ఉంది, అట్ట ఎక్కువ మెయిల్స్ పంపేవాళ్ళ మీద స్పామ్ కంప్లైంట్లు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యి మెయిల్స్‌కి ముగ్గురు కంప్లైంట్ కొట్టినా వాడికి ఇబ్బందే, ఆ తర్వాత వాడి మెయిల్స్ మీకే కాదు, మిగతావాళ్ళకి కూడా నేరుగా స్పామ్‌లోకి పోవడం మొదలవుతుంది. కంపెనీలోళ్ళకి మన బూతులు తగలవు గానీ ఇది తగులుతుంది.

ఒకటి మాత్రం చూసుకోండి. బ్యాంకుది, కరెంటు బిల్లుది, మ్యూచువల్ ఫండ్‌ది, స్టేట్‌మెంట్లు వచ్చే అడ్రస్‌ని విసుగులో స్పామ్ కొట్టారంటే, రేపు నిజంగా కావాల్సినవి కూడా అందులోకే పోతాయి. వాటికి ఆ బ్యాంకు యాప్‌లోకే పోయి ప్రచారం మెయిల్స్ వద్దు అని సెట్టింగ్ మార్చుకోవడం మేలు.

మనం ఇవ్వనిదే వచ్చేవి

రెండో రకం. మీ వెబ్‌సైటు గూగుల్‌లో ఫస్ట్ పేజీలో తెప్పిస్తాం అంటాడు, మనకి వెబ్‌సైటే ఉండదు. దుబాయ్ బయ్యర్ల డేటా లక్ష మందిది అమ్ముతాం అంటాడు. బిజినెస్ లోన్ అంటాడు. వీళ్ళకి మన అడ్రస్ ఎక్కడనుంచి వచ్చిందంటే, ఎక్కడో లీకయిన డేటాలోంచి, లేదంటే మనమే ఊరంతా కనపడేటట్టు పెట్టిన చోటునుంచి. ఫేస్‌బుక్ పేజీలో, వ్యాపారాల డైరెక్టరీల్లో, పాంప్లెట్ల ఫోటోల్లో ఉన్న మెయిల్ ఐడీలు ఏరుకునే ప్రోగ్రాములు ఉండాయి, అవి రాత్రింబగళ్ళు అదే పని.

ఈ రకానికి అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టొద్దు. రిప్లై అసలే వద్దు. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ఉండాడు, ప్రతి లోన్ మెయిల్‌కీ ఓపిగ్గా "నాకు అవసరం లేదు, దయచేసి పంపవద్దు" అని తెలుగులో టైప్ చేసి పంపుతాడు, పాపం ఆయన మర్యాద ఆయనది, కానీ అవతలోడికి అర్థమయ్యేది ఒకటే, ఈ అడ్రస్ బతికే ఉంది, మనిషి చదువుతున్నాడు, జవాబు కూడా ఇస్తాడు అని. బతికున్న అడ్రస్‌కి రేటు ఎక్కువ. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కినా అదే జరుగుతుంది, పైగా ఆ లింకు ఏ దొంగ పేజీకి తీసుకుపోతుందో తెలీదు. కోపం వచ్చి తిట్టేవాళ్ళు కూడా ఉండారు, ఆ తిట్లు అసలోడికి పోవు, ఎందుకంటే పంపినవాళ్ళ అడ్రస్ చాలాసార్లు దొంగది, ఏ సంబంధం లేని ఇంకెవరి అడ్రసో వాడుకుని పంపుతారు, మీరు తిట్టింది వాళ్ళు చదువుకుంటారు. అట్టాగే మీ అడ్రస్ పెట్టి వాడు లోకానికంతా పంపితే, మీరు పంపని మెయిల్స్ "డెలివరీ కాలేదు" అని మీకు తిరిగొస్తాయి. అట్ట కుప్పలుగా వస్తే ముందు సెంట్ ఫోల్డర్ చూడండి, అందులో అవి లేకపోతే, మీ అకౌంట్లో తెలియని లాగిన్లు కూడా ఏమీ లేకపోతే, వాడింది మీ పేరు మాత్రమే అని అర్థం. అప్పుడు ఒకట్రెండు రోజుల్లో అదే సద్దుమణుగుతుంది.

కాబట్టి చేయాల్సింది: ఓపెన్ చేయకుండానే, లిస్టులోనే వేలు నొక్కిపట్టి సెలెక్ట్ చేసి, మూడు చుక్కల్లోకి పోయి రిపోర్ట్ స్పామ్. అయిపోయింది. ఓపెన్ చేయకుండా అని ఎందుకన్నానంటే చాలా మెయిల్స్‌లో కంటికి కనపడని బుల్లి బొమ్మ ఒకటి పెడతారు, మెయిల్ తెరవగానే ఆ బొమ్మ లోడ్ అవుతుంది, తెరిచారని వాడికి కబురు పోతుంది. జీమెయిల్ బొమ్మల్ని తన సర్వర్ల మీదుగా తెస్తుంది కాబట్టి మనం ఏ ఊళ్ళో ఉన్నామో వాడికి తెలీదు గానీ, తెరిచిన సంగతి మాత్రం తెలిసే వీలుంది. అది కూడా వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో మన అకౌంట్ నొక్కి, ఇమేజెస్ అనేచోట "ఆస్క్ బిఫోర్ డిస్‌ప్లేయింగ్ ఎక్స్‌టర్నల్ ఇమేజెస్" పెట్టుకోండి. మెయిల్స్ చూడ్డానికి కొంచెం బోసిగా ఉంటాయి, పర్లేదు.

బ్లాక్ సంగతి అడుగుతారు చాలామంది. బ్లాక్ అంటే ఆ ఒక్క అడ్రస్ నుంచి వచ్చేవి స్పామ్‌లో పడతాయి, అంతే, వాడికి తెలియను కూడా తెలీదు. మీకు తెలిసినోడు, చిట్టీల ఏజెంటో పాత కొలీగో రోజూ ఏవేవో ఫార్వర్డ్ చేసి చంపుతుంటే బ్లాక్ బాగా పనికొస్తుంది. స్పామ్ పంపేవాడు మాత్రం రోజుకో అడ్రస్ మారుస్తాడు, వాడిని బ్లాక్ చేస్తా కూర్చుంటే మన టైమే దండగ. వాళ్ళ అడ్రసులు మారినా మెయిల్‌లో ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంటే ఫిల్టర్ పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో సెర్చ్ డబ్బా కుడివైపున్న గుర్తు నొక్కి, హ్యాజ్ ద వర్డ్స్ అనేచోట ఆ మాట రాసి, క్రియేట్ ఫిల్టర్ కొట్టి, డిలీట్ ఇట్ టిక్ పెట్టండి. ఫోన్ యాప్‌లో ఇది కుదరదు, కంప్యూటర్ కావాల్సిందే. మాట మాత్రం చూసి పెట్టండి, లోన్ అనే ఒక్క మాట పెట్టారంటే మీ సొంత హౌసింగ్ లోన్ మెయిల్స్ కూడా చెత్తబుట్టలోకే పోతాయి.

అసలు వీళ్ళు ఎందుకు పంపుతారు అంటే ఖర్చు లేదు కాబట్టి. ఈ గోల నిన్నా మొన్నటిది కాదు, 1978లోనే, ఇంటర్నెట్‌కి ముందు దానికి మూలమైన ఆర్పానెట్ నడిచే రోజుల్లో, గ్యారీ థుర్క్ అనే ఒక కంప్యూటర్ల కంపెనీ మార్కెటింగ్ ఆయన తన మిషన్ల ప్రచారం ఒకేసారి దాదాపు 400 మందికి పంపి తిట్లు తిన్నాడు, జంక్ మెయిల్‌కి అదే మొదలు అంటారు. లక్ష మందిలో ఒక్కడు పడినా పంపినోడికి గిట్టుబాటే, కాబట్టి వాళ్ళని మార్చాలని మనం ప్రయాస పడక్కర్లేదు, మన దగ్గరికి రాకుండా చూసుకుంటే చాలు.

దొంగలు

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి.

ఫోన్‌లో మెయిల్ చూసినప్పుడు పంపినవాళ్ళ పేరు మాత్రమే కనపడుతుంది, అడ్రస్ కనపడదు. పేరు ఎవడైనా ఏదైనా పెట్టుకోవచ్చు, నేను రేపు ఒక జీమెయిల్ తెరిచి దానికి ఇన్‌కమ్ టాక్స్ డిపార్ట్‌మెంట్ అని పేరు పెడితే ఆపేవాడు లేడు. కాబట్టి పేరు కింద "టు మీ" అని ఉండి పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, అది నొక్కండి, అప్పుడు ఫ్రమ్ దగ్గర అసలు అడ్రస్ బయటపడుతుంది. ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడాలి, అదీ చివరినుంచి వెనక్కి చదవాలి. ముందు ఎస్‌బీఐ అని ఉండి చివర ఏదో డాట్ ఎక్స్‌వైజెడ్ అని ఉంటే అది బ్యాంకుది కాదు. ప్రభుత్వానివి డాట్ గవ్ డాట్ ఇన్ లేదా డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ అని ముగుస్తాయి. బ్యాంకులకి రిజర్వ్ బ్యాంక్ ఒక మంచి పని చేసింది, 2025 అక్టోబర్ 31 లోపల బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరకి మార్చుకోవాలంది, ఆ చివర బ్యాంకులకి తప్ప బయటోళ్ళకి ఇవ్వరు. కాబట్టి ఏ లింకు నొక్కినా పైన అడ్రస్ బార్‌లో అది ఉందా లేదా చూసుకోవడం ఇప్పుడు కొంచెం తేలిక. అసలు మెయిల్‌లో లింకు నొక్కి బ్యాంకులోకి పోయే అలవాటే మానేస్తే ఇంకా మంచిది, యాప్ ఉంది కదా.

జూలైలో రిటర్న్స్ టైములో రీఫండ్ మెయిల్స్ మొదలవుతాయి. మీకు ఇంత రీఫండ్ వచ్చింది, అకౌంట్ వివరాలు కన్ఫర్మ్ చేయండి అని. ఎవరికి చేదు? నొక్కేస్తారు. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు నిజంగా కూడా మెయిల్స్ పంపుతారు, అదే తిరకాసు, కానీ కార్డు నంబరు, పిన్, పాస్‌వర్డ్ మెయిల్లో అడగరు. నిజమో కాదో తేల్చుకోవడం ఎట్టా అంటే మెయిల్ పక్కన పెట్టి మనమే అడ్రస్ టైప్ చేసుకుని పోర్టల్లోకి లాగిన్ అయ్యి చూడాలి, నిజమైన నోటీసు అయితే అక్కడ కూడా ఉంటుంది. నోటీసు పీడీఎఫ్ చేతికొచ్చి అనుమానంగా ఉంటే పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కూడా లేకుండా, ఆథెంటికేట్ నోటీస్ అని ఒకటుంది, నోటీసు మీదున్న డాక్యుమెంట్ నంబర్ కొడితే అది వాళ్ళు ఇచ్చిందో కాదో చెప్పేస్తుంది.

అటాచ్‌మెంట్ల సంగతి: మీకు సంబంధం లేని ఇన్‌వాయిస్, కొరియర్ రసీదు, ట్రాఫిక్ చలానా అని వచ్చిన ఫైలు చివర ఈఎక్స్‌ఈ, ఐఎస్ఓ, ఏపీకే, హెచ్‌టీఎమ్ఎల్ ఉందా, తెరవొద్దు. జిప్ చేసి పాస్‌వర్డ్ మెయిల్‌లోనే ఇచ్చాడంటే ఇంకా అనుమానించాలి, వైరస్ చెకింగ్ లోపలికి చూడకుండా ఉండాలనే ఆ తాళం.

ఇప్పుడు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వ్యాపారస్తులకి సూటిగా తగిలే సంగతి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కావచ్చు, ఇక్కడి వనామీ రొయ్య కావచ్చు, బయటి దేశాలతో బేరం అంతా మెయిల్స్ మీదనే నడుస్తుంది, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కినట్టు ఇచ్చే కాగితం), బ్యాంకు వివరాలు అన్నీ. దొంగోడు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇద్దరిలో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ సంపాదించి లోపలికి దూరతాడు, దూరి ఏమీ చేయడు, ఉత్తినే చదువుకుంటా ఉంటాడు, రొయ్యల పట్టుబడి టైము కోసం చెరువు గట్టు మీద కూర్చున్న కొంగ లెక్కన. ఎప్పుడు కంటైనర్ పోతుందో, ఎంత రావాలో, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో అన్నీ వాడికి తెలుసు. సరిగ్గా డబ్బు కట్టే వారంలో, అదే మెయిల్ థ్రెడ్‌లో, అదే సంతకంతో, "మా పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ అకౌంట్‌కి వేయండి" అని వస్తుంది. ఇంగ్లీష్ తప్పులు ఉండవు, అనుమానం రాదు. అడ్రస్ చూస్తే ఒక్క అక్షరం తేడా, ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి ఉంటాడు, చిన్న స్క్రీన్ మీద రెండూ కలిసి ఎమ్ లాగానే కనపడతాయి. ఒక్కోసారి ఫ్రమ్ అడ్రస్ కరెక్టుగానే ఉంటుంది, రిప్లై కొట్టినప్పుడు మాత్రం వేరే అడ్రస్‌కి పోయేటట్టు పెడతాడు, కాబట్టి రిప్లై నొక్కాక టు దగ్గర ఏం పడిందో ఒకసారి చూడండి.

దీనికి మందు ఒక్కటే. అకౌంట్ నంబర్ మారింది అని మెయిల్ ఎవరు పంపినా సరే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న వాళ్ళ ఫోన్ నంబర్‌కి చేసి గొంతు విని అడగండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి కాదు, అది కూడా వాడిదే అయి ఉంటుంది. మీరు సరుకు పంపే బయ్యర్లకి కూడా ముందే చెప్పిపెట్టండి, మా బ్యాంకు మార్పు ఎప్పుడూ మెయిల్ ఒక్కదాని మీదనే చెప్పం అని. మొహమాటపడి అడక్కుండా కంటైనర్ డబ్బులు పోగొట్టుకోవడం కంటే ఒక ఫోన్ చేసి నవ్వించుకోవడం నయం.

మీ మెయిల్‌లో ఎవడైనా కూర్చున్నాడేమో అని డౌటుంటే కంప్యూటర్‌లో తెరిచి, అన్నిటికంటే కింద కుడివైపు డీటెయిల్స్ అని చిన్నగా ఉంటుంది, అది నొక్కితే ఈమధ్య ఎక్కడెక్కడినుంచి మీ మెయిల్ తెరిచారో వస్తుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అనే చోట మీకు తెలియని అడ్రస్ ఏదైనా ఉందేమో చూడండి, ఫిల్టర్స్‌లో కూడా చూడండి, పాస్‌వర్డ్ మార్చినా వాడికి కాపీలు పోతా ఉండేది ఇక్కడినుంచే, చాలామంది ఇది చూడరు. అవి తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో చెకింగ్ కూడా అడిగేది) పెట్టుకోండి.

ఇంకొక రకం బెదిరింపు. "నీ కంప్యూటర్ కెమెరాతో నిన్ను రికార్డ్ చేశా, నీ పాస్‌వర్డ్ ఇదిగో, బిట్‌కాయిన్ పంపకపోతే నీ వాళ్ళందరికీ వీడియో పంపుతా" అని, అదీ మన అడ్రస్ నుంచే మనకి వచ్చినట్టు. చదువుకునే కుర్రోళ్ళు ఇది చూసి ఇంట్లో చెప్పలేక వణికిపోతారు. వీడియో లేదు, ఏం లేదు. అది ఎప్పుడో ఏదో సైటు లీకయినప్పుడు బయటపడ్డ పాత పాస్‌వర్డ్, ఒకే ఉత్తరం లక్షల మందికి పంపుతాడు. మన అడ్రస్ నుంచి వచ్చినట్టు కనపడ్డం కూడా పైన చెప్పిన దొంగ అడ్రస్ మాయే. పైసా పంపొద్దు, జవాబివ్వొద్దు, ఆ పాస్‌వర్డ్ ఇంకా యాడన్నా వాడుతుంటే మాత్రం ఇప్పుడే మార్చండి. ఏ లీకులో మన ఐడీ పడిందో చూసుకోవాలంటే ట్రాయ్ హంట్ అనే ఆయన 2013 నుంచి నడిపే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైటు ఉంది, మెయిల్ ఐడీ కొడితే చెప్తుంది, పాస్‌వర్డ్ అడగదు, ఫ్రీ. అయితే ఎవడైనా తెలిసినోడు నిజంగానే మీ ఫోటో పంపి బెదిరిస్తుంటే అది వేరే కథ, అది వెంటనే పోలీసులకి పోవాల్సిందే.

ఉన్నట్టుండి ఒక గంటలో వందల కొద్దీ తెలియని సైట్ల నుంచి "సబ్‌స్క్రైబ్ చేసినందుకు థ్యాంక్స్" మెయిల్స్ వచ్చి పడ్డాయంటే, అవి డిలీట్ చేస్తా కూర్చోవద్దు, ముందు బ్యాంకు యాప్ తెరవండి. ఎవడో మీ కార్డు వాడి, ఆ ఆర్డర్ మెయిలో బ్యాంకు అలర్టో మీ కంట పడకుండా కుప్పలో పూడ్చిపెట్టడానికి అట్ట చేస్తాడు.

ఎవరికి చెప్పుకోవాలి

కంప్యూటర్‌లో అయితే దొంగ మెయిల్ తెరిచి మూడు చుక్కల్లో రిపోర్ట్ ఫిషింగ్ (దొంగ పేరుతో మన వివరాలు లాగే మోసం అని చెప్పడం) కొట్టండి, స్పామ్ కంటే ఇది ఒక మెట్టు పైన. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అవతలి అకౌంట్లో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ, ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ రాసుకోవచ్చు. ఆ మెయిల్ మాత్రం డిలీట్ చేయొద్దు, సాక్ష్యం అదే. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, మూడు చుక్కల్లో షో ఒరిజినల్ అని ఉంటుంది, అందులో మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో ఉంటుంది, అది డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అదే పేజీలో పైన ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్, డీమార్క్ అని, మెయిల్ నిజంగా ఆ అడ్రస్ వాళ్ళదేనా అని చూసే మూడు చెకింగులు కనపడతాయి, బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌కి అక్కడ ఫెయిల్ అని ఉంటే ఇంక ఆలోచించే పనే లేదు. పాస్ అని ఉన్నంత మాత్రాన మంచోడని కాదు, దొంగ తన సొంత డొమైన్ (ఎట్ గుర్తు తర్వాత వచ్చే పేరు) కొనుక్కుంటే దానికి పాస్ వస్తుంది.

డీఎన్‌డీ పెట్టించా, అయినా మెయిల్స్ వస్తున్నాయి అంటారు కొంతమంది. 1909 డీఎన్‌డీ (ప్రచారం వద్దని నమోదు చేయించుకునేది) ఫోన్ కాల్స్‌కి, ఎస్ఎమ్ఎస్‌లకి మాత్రమే, మెయిల్‌కి దానితో సంబంధం లేదు. మన దేశంలో ఉత్త ప్రచారం మెయిల్స్ ఆపడానికంటూ విడిగా ఒక చట్టం లేదు. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టంలో 66ఏ సెక్షన్ కింద విసిగించే మెయిల్స్ కూడా నేరమే అని ఉండేది, దాన్ని 2015 మార్చిలో సుప్రీం కోర్టు కొట్టేసింది, అది దుర్వినియోగం అయిన తీరు చూస్తే కొట్టేయడమే మంచిదైంది. మోసం మాత్రం నేరమే, ఇంకొకరి వేషం వేసి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే 66డీ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కాబట్టి చీరల డిస్కౌంట్ మెయిల్ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి పోవద్దు, ఎస్సై గారు మనల్నే ఎగాదిగా చూస్తారు.

మళ్ళీ నిండకుండా

రెండో మెయిల్ ఐడీ ఒకటి పెట్టుకోండి, షాపింగుకి, కూపన్లకి, వైఫై కోసం అడిగే చోట అది ఇవ్వండి. బ్యాంకు, ఆధార్, పాన్, పిల్లల చదువులు ఉన్నది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఇంకొక చిట్కా, జీమెయిల్‌లో మీ పేరు తర్వాత, ఎట్ గుర్తుకి ముందు, ప్లస్ పెట్టి ఏదైనా మాట తగిలించినా మెయిల్ మీకే వస్తుంది. చెప్పుల షాపులో ఇచ్చేటప్పుడు ప్లస్ చెప్పులు అని ఇంగ్లీష్‌లో తగిలించి ఇచ్చారనుకోండి, రేపు ఆ అడ్రస్‌కి లోన్ మెయిల్ వస్తే ఎవడు అమ్ముకున్నాడో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ తీసుకోవు.

జీమెయిల్ పేరులో చుక్కలు లెక్కలోకి రావు, ఇది కూడా తెలుసుకోండి. రమేష్ రెడ్డి మధ్యలో చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకటే అకౌంట్. అందుకే మన పేరే ఉన్న ఎవరో హైదరాబాద్ ఆయన, తనది చుక్క ఉన్న ఐడీ అనుకుని, పిల్లల స్కూలు ఫీజు రసీదులు, ఫ్లైట్ టికెట్లు అన్నీ మనకి తెప్పిస్తా ఉంటాడు. మన జిల్లాల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నోళ్ళు వీధికి నలుగురు, కాబట్టి ఈ కేసులు నా దగ్గరికి చాలా వస్తాయి. ఇవి స్పామ్ కొట్టకండి, స్కూలు వాళ్ళు నిజమైనవాళ్ళే. స్కూలు సొంత వెబ్‌సైట్‌లో ఫోన్ నంబర్ చూసి, తప్పు మెయిల్‌కి పంపుతున్నారు అని ఒక్కసారి చెప్తే ఆగిపోతుంది. ఆయన పేరుతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు మాత్రం ముట్టుకోకండి.

స్టోరేజ్ ఫుల్ అని వస్తే: ఫ్రీగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి, ఫోటోలకి, డ్రైవ్‌కి కలిపి. ప్రమోషన్స్ ట్యాబ్ కంప్యూటర్‌లో తెరిచి పైన డబ్బాలో టిక్ పెడితే ఆ పేజీలోవి మాత్రమే సెలెక్ట్ అవుతాయి, అప్పుడు పైన "సెలెక్ట్ ఆల్ కాన్వర్జేషన్స్" అని ఒక లైను వస్తుంది, అది కూడా నొక్కి డిలీట్ కొట్టాలి, చాలామంది ఆ లైను చూడక పేజీ పేజీ తుడుస్తా తెల్లారుస్తారు. ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది, లేకపోతే 30 రోజులు అట్టాగే ఉంటాయి. అయితే నిజం చెప్పాలంటే ఫుల్ అయ్యేది మెయిల్స్ వల్ల తక్కువ, పెళ్ళి వీడియోల వల్ల ఎక్కువ.

వారానికి ఒకసారి స్పామ్ ఫోల్డర్ పైపైన తిరగేయండి, అక్కడ కూడా 30 రోజులు దాటితే వాటంతట అవే పోతాయి. ఇంటర్వ్యూ లెటర్లు, కాలేజీ కౌన్సెలింగ్ మెయిల్స్, కొత్త బయ్యర్ మొదటిసారి పంపిన ఎంక్వైరీ, ఇట్టాంటివి అందులో పడి ఉంటాయి ఒక్కోసారి. మంచిది కనపడితే నాట్ స్పామ్ కొట్టి, ఆ అడ్రస్‌ని కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకోండి, ఆ తర్వాతవి మామూలుగా ఇన్‌బాక్స్‌లోకే వస్తాయి. సెర్చ్‌లో వెతికినప్పుడు జీమెయిల్ మామూలుగా స్పామ్‌ని, ట్రాష్‌ని చూడదు, కాబట్టి హాల్ టికెట్ రాలేదని మా షాపుకి పరిగెత్తుకొచ్చే ముందు ఆ రెండూ విడిగా తెరిచి చూడండి.